కర్త ఎవరు?

కిందటి నెల ఈ శీర్షికలో ఒక పాఠకుడికి జవాబు చెబుతూ, "యుద్ధ వార్తల్లో మొదటిరోజు వచ్చే అంకెల్ని పెన్సిల్‌తోనే రాసుకోండి" అన్నాను. ఆ ఒక్క మాటకి నలభైకి పైగా ఉత్తరాలొచ్చాయి. కొందరు మెచ్చుకున్నారు, చాలామంది తిట్టారు. తిట్టిన ఉత్తరాల్లో కోపం కన్నా బాధే ఎక్కువ కనిపించింది నాకు. అందుకే ఈ వారం మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, చోటంతా ఈ విషయానికే ఇస్తున్నాను. పేర్లు వేయొద్దని ఎక్కువమంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, యుద్ధం నడుస్తుండగా సైన్యం చెప్పినదాన్ని అనుమానించడం శత్రువుకి సాయం చేసినట్టు కాదా? అన్నీ బయటపెట్టేసుకుంటే యుద్ధం ఎలా గెలుస్తారు? – డిగ్రీ విద్యార్థి

జవాబు: బాబూ, రెండు వేరువేరు సంగతుల్ని నువ్వు ఒకే మూటలో కట్టావు. సైన్యం రేపు ఏ దారిన కదులుతుందో, ఎక్కడ దిగుతుందో నాకు తెలియనక్కర్లేదు. తెలియకూడదు కూడా. 1944లో ఫ్రాన్స్ తీరాన నార్మండీలో దిగేముందు మిత్రరాజ్యాలవాళ్లు గాలి ఊదిన ఉత్తుత్తి ట్యాంకులు వరసగా నిలబెట్టారు, లేని సైన్యానికి జనరల్ ప్యాటన్‌ని సేనానిగా చూపించారు, దాడి జరిగేది అదే తీరంలోని 'కాలే' అనే రేవు వైపే అని జర్మన్లని నమ్మించారు. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. 1977 నాటి జెనీవా అదనపు ప్రోటోకాల్‌లో 37వ అధికరణం కూడా శత్రువుని ఏమార్చే ఎత్తుల్ని ఒప్పుకుంటుంది. తెల్లజెండా ఎత్తి, దగ్గరికి రానిచ్చి చంపడం లాంటి నమ్మకద్రోహాన్నే వద్దంటుంది.

నేను మాట్లాడుతున్నది జరిగిపోయినదాని గురించి, అదీ సొంత ప్రజలకి చెప్పే మాట గురించి. రేపటి దాడి రహస్యంగా ఉంటే సైనికుడు బతుకుతాడు. నిన్నటి దాడి గురించి అబద్ధం చెబితే బతికేదెవరు?

ఈ సంగతి నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. 31 ఏళ్లు పత్రిక డెస్క్‌లో పనిచేశాను. విదేశీ వార్తలు నా చేతిమీదుగానే తెలుగయ్యేవి. ఒక రాత్రి రెండో ఎడిషన్‌కి ఇంకా పావుగంట ఉందనగా ఏజెన్సీ కాపీ వచ్చింది. ఏ యుద్ధమో, ఏ సైన్యమో ఇప్పుడు అనవసరం. వైమానిక దాడిలో 60 మంది తీవ్రవాదులు చనిపోయారని సైనిక ప్రతినిధి చెప్పిన వార్త అది. హెడ్డింగులో చోటు చాలక "ప్రతినిధి చెప్పారు" అన్న మాట తీసేశాను. "60 మంది తీవ్రవాదులు హతం" అని మిగిలింది. మర్నాడు మొదటి పేజీలో మూడు కాలాల్లో వచ్చింది. నాలుగు రోజుల తర్వాత అదే ఏజెన్సీ నుంచి ఇంకో కాపీ. చనిపోయినవాళ్లలో చాలామంది తెల్లవారకముందే పొలానికి బయల్దేరిన కూలీలట. దాన్ని ఏడో పేజీ అడుగున నాలుగు లైన్లలో వేశాం. పైన "సవరణ" అని పెడదామంటే మావాళ్లు ఒప్పుకోలేదు. "మనం తప్పు రాయలేదుగా, వాళ్లు చెప్పిందే రాశాం" అన్నారు. కానీ వాళ్లు చెప్పారన్న మాటని కొట్టేసింది నేనే. ఆ నాలుగు లైన్ల కటింగ్ ఇప్పటికీ నా డైరీలో ఉంది.

ఇంకో ఉదాహరణ, అంకెల గురించే. 1968 మార్చి 16న వియత్నాంలో మై లై అనే పల్లెలో గొప్ప విజయం సాధించామని అమెరికా సైన్యం ప్రకటించింది. చనిపోయిన శత్రువులు 128 మంది. దొరికిన తుపాకులు 3. అమెరికా వైపు గాయపడింది ఒకే ఒక్కడు, వాడు తన కాలిని తనే కాల్చుకున్నాడు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడు బాబూ. 128 మంది సాయుధులు పోరాడి చస్తే తుపాకులు మూడేమిటి? ఎదుటివాళ్లు పేల్చిన తూటా ఒక్కటీ ఎవరికీ తగలకపోవడమేమిటి? తుపాకుల అంకె ఆ ప్రకటనలోనే ఉంది. లోపలి సంగతి తెలియనివాళ్లు కూడా అడగగలిగిన ప్రశ్న అది. ఆ రోజు ఎవరూ అడగలేదు. పై అధికారి నుంచి అభినందనలు కూడా వెళ్లాయి.

అక్కడ చనిపోయింది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఆ ఊళ్లో ఇప్పుడున్న స్మారకం మీద 504 పేర్లున్నాయి. అమెరికా సైన్యం తర్వాత చేసిన లెక్కలో 347. లోకానికి ఇది తెలియడానికి 1969 నవంబరు దాకా, ఇరవై నెలలు పట్టింది. ఆ ఇరవై నెలల మౌనం వల్ల ఏ సైనికుడి ప్రాణం నిలబడిందో నాకు చెప్పగలిగితే చెప్పు. నేను ఒప్పుకుంటాను.

ప్రశ్న: అమ్మా, నేను 24 ఏళ్లు సైన్యంలో చేసి రిటైరయ్యాను. చీకట్లో ఎదుటివాడి చేతిలో ఉన్నది తుపాకీయో కర్రో తేల్చుకోవడానికి రెండు సెకన్లుండవు. ఆ రెండు సెకన్లలో చేసిన పనిని రెండేళ్లపాటు విచారించడం న్యాయమేనా? అక్కడ లేనివాళ్లకి మాట్లాడే హక్కు లేదని నా అభిప్రాయం. – విశ్రాంత హవల్దారు

జవాబు: హవల్దారు గారూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండు సెకన్ల సంగతి మీరు చెప్పింది అక్షరాలా నిజం. పొరపాటుకీ నేరానికీ తేడా చూడని విచారణ నాకూ వద్దు. మై లైలో జరిగింది మాత్రం రెండు సెకన్ల పని కాదు. పొద్దున ఏడున్నర నుంచి గంటలకొద్దీ సాగింది.

అక్కడ లేనివాళ్లు మాట్లాడకూడదన్నారు. సరే, అక్కడ ఉన్నవాడి గురించే చెబుతాను. హ్యూ థాంప్సన్ హెలికాప్టర్ పైలట్, వయసు 24. ఆ ఉదయం ఊరిమీద తక్కువ ఎత్తులో ఎగురుతూ, గాయపడిన పౌరులు కనిపించిన చోటల్లా గుర్తుగా పొగ డబ్బాలు వేశాడు, కిందవాళ్లు వచ్చి వైద్యం చేస్తారని. కాసేపటికి చూస్తే గుర్తు పెట్టినవాళ్లందరూ చచ్చిపడి ఉన్నారు. ఒక కందకంలో కొందరు ఊరివాళ్లు దాక్కుని ఉన్నారు, వాళ్లవైపు తన దేశపు సైనికులే నడుస్తున్నారు. థాంప్సన్ ఆ ఇద్దరి మధ్య హెలికాప్టర్ దింపాడు. తన తోటివాళ్లు లారెన్స్ కోల్బర్న్, గ్లెన్ ఆండ్రియోటాలకి చెప్పాడు, మనవాళ్లు గనక ఈ జనాన్ని కాల్చబోతే మీరు మనవాళ్లనే కాల్చండి అని. తను దిగి కందకం దగ్గరికి నడిచి వెళ్లాడు. వేరే హెలికాప్టర్లని పిలిపించి వాళ్లని దాటించాడు. తర్వాత ఆండ్రియోటా శవాలతో నిండిన గోతిలోకి దిగి, కదులుతున్న ఒక పసివాణ్ని పైకి తీశాడు. వాణ్ని ఆస్పత్రిలో దించి, వెనక్కి వెళ్లి, చూసింది చూసినట్టు పై అధికారులకి రిపోర్టు చేశాడు థాంప్సన్.

సైన్యం అతనికి పతకం ఇచ్చింది. దానితోపాటు ఇచ్చిన ప్రశంసాపత్రంలో, భీకరమైన ఎదురుకాల్పుల మధ్య నుంచి పిల్లవాణ్ని రక్షించాడని రాశారు. అక్కడ ఎదురుకాల్పులే లేవు. అతను ఆ పతకాన్ని పారేశాడు.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఆ ప్రశంసాపత్రం. అతన్ని తిట్టలేదు, దాచలేదు, మెడలో దండ వేసి అతని సాక్ష్యాన్ని మార్చేశారు. హవల్దారు గారూ, పతకం విలువ మీకు తెలిసినంతగా నాకు తెలియదు. అది పారేసిన చేతికి ఎంత బరువనిపించి ఉంటుందో మీరే చెప్పగలరు.

మై లై సంగతి బయటికి తెచ్చిందీ సైనికుడే. రాన్ రైడెన్‌అవర్ వియత్నాంలో పనిచేసి వచ్చినవాడు. అక్కడున్న స్నేహితులు ఒక్కొక్కరూ చెప్పింది విని, ఒక ఏడాదిపాటు కూడబెట్టి, 1969 మార్చి 29న అధ్యక్షుడికీ చట్టసభ సభ్యులకీ ఉత్తరాలు రాశాడు. సరిగ్గా రెండేళ్లకి, 1971 మార్చి 29న, మై లైలో ఒక దళాన్ని నడిపిన లెఫ్టినెంట్ కాలీ 22 హత్యలకి దోషిగా తేలాడు. శిక్ష పడింది అతనొక్కడికే. యావజ్జీవం వేశారు, చివరికి మూడున్నరేళ్ల గృహనిర్బంధంతో సరిపోయింది. దేశం అతనిమీద జాలిపడి అధ్యక్ష భవనానికి గుట్టలుగా టెలిగ్రాములు పంపింది. థాంప్సన్‌కి వచ్చినవి బెదిరింపు ఫోన్లు. 1998లో, ముప్పై ఏళ్ల తర్వాత, ఆ ముగ్గురికీ వాషింగ్టన్‌లో సరైన పతకం ఇచ్చారు. శత్రువుతో పోరు కాని సందర్భంలో చూపిన ధైర్యానికి ఇచ్చే పతకం అది. ఆండ్రియోటా దాన్ని చూడలేదు. మై లై జరిగిన మూడు వారాలకే యుద్ధంలో చనిపోయాడు.

ఇరాక్‌లో అబూ గ్రైబ్ జైల్లో ఖైదీల్ని అమెరికా సైనికులు హింసిస్తున్న ఫొటోలున్న సీడీని 2004 జనవరిలో దర్యాప్తు అధికారుల చేతిలో పెట్టిన జోసెఫ్ డార్బీ కూడా మీలాంటి యూనిఫాంలో ఉన్నవాడే. మీ వృత్తిని నిందించడానికి ఇవన్నీ చెప్పడం లేదు. నేను గౌరవించే మనుషులు మీ వృత్తిలోనే ఎక్కువమంది దొరికారు.

ఇంకొక్క మాట, మన దేశం సంగతి. చైనా చేతిలో 1962 ఓటమి మీద సైనికాధికారులు హెండర్సన్ బ్రూక్స్, భగత్‌ల నివేదిక 1963లో తయారైంది. అరవై ఏళ్లు దాటినా ప్రభుత్వం దాన్ని అధికారికంగా బయటపెట్టలేదు. కార్గిల్ మీద సుబ్రహ్మణ్యం కమిటీ నివేదికని మాత్రం, కొన్ని భాగాలు తీసేసి, 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు పెట్టారు. రెండోదాని వల్ల మన సైన్యానికి మచ్చేమీ రాలేదు. మొదటిదాన్ని మూసిపెట్టడం వల్ల ఆ చలికాలం కొండలమీద చాలని బట్టలతో నిలబడినవాళ్లకి ఒరిగిందేమిటో మీరూ ఒకసారి ఆలోచించండి.

ప్రశ్న: మా అన్నయ్య సైన్యంలో చనిపోయి చాలా ఏళ్లయింది. శత్రువుతో పోరాడుతూ పోయాడని చెప్పారు. ఈ మధ్య ఆయనతో పనిచేసిన ఒకాయన కలిశారు. ఆ రోజు గురించి చెప్పబోయి మధ్యలో ఆపేశారు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. అడగమంటారా? అమ్మకి ఎనభై ఏళ్లు. – ఒక చెల్లెలు

జవాబు: అడుగు తల్లీ.

ప్యాట్ టిల్‌మన్ అని అమెరికాలో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు, లక్షల డాలర్ల కాంట్రాక్టు వదులుకుని సైన్యంలో చేరాడు. 2004 ఏప్రిల్ 22న అఫ్గానిస్తాన్‌లో చనిపోయాడు. శత్రువుల మెరుపుదాడిలో పోరాడుతూ పోయాడని ఇంటికి చెప్పారు, పెద్ద పతకం ప్రకటించారు, టీవీలో దేశమంతా చూస్తుండగా సంస్మరణ సభ జరిగింది. నిజానికి అతన్ని కాల్చింది తోటి సైనికులే, పొరబడి. కొద్దిరోజుల్లోనే పైవాళ్లకి ఆ సంగతి తెలుసు. అతని యూనిఫాం తగలబెట్టేశారు. అదే దళంలో ఉన్న సొంత తమ్ముడు కెవిన్‌కి కూడా చెప్పొద్దని సైనికులకి ఆజ్ఞ వెళ్లింది. కుటుంబానికి నిజం చెప్పింది అయిదు వారాల తర్వాత.

ఆ తల్లి మేరీ తర్వాత ఏళ్ల తరబడి దర్యాప్తు కాగితాలు ముందేసుకుని కూర్చుంది. పేర్లన్నీ నల్ల సిరాతో కొట్టేసిన కాగితాలు. నల్లపట్టీ పొడుగుని బట్టి దాని కింద ఎవరి పేరు పడుతుందో లెక్క కట్టుకుందట. పొరపాటున పేలిన తూటాని ఆ ఇల్లు ఏదో ఒక రోజుకి క్షమించి ఉండేది. అయిదు వారాల నాటకాన్ని క్షమించలేకపోయింది. కెవిన్ 2007లో చట్టసభ ముందు కూర్చుని ఆ మాటే చెప్పాడు.

నువ్వు ఆయన్ని అడిగేటప్పుడు ఫోన్‌లో వద్దు, ఎదురుగా కూర్చుని అడుగు. "అన్నయ్య ఎలా పోయాడు" అని మొదలుపెట్టకు, ఆయన మళ్లీ ఆగిపోతారు. "ఆ రోజు మీరెక్కడున్నారు" అని అడుగు. తన గురించి చెప్పుకుంటూ అక్కడికే వస్తారు. ఆయన కూడా ఇన్నేళ్లుగా మోస్తున్నారు కదా. తెలిసింది ఎలాంటిదైనా మీ అన్నయ్య వెళ్లిన పని మారదు, నిలబడిన చోటు మారదు. అమ్మకి చెప్పాలా వద్దా అన్నది నేను చెప్పను. ఆమె నీకన్నా ముందే ఏదైనా పసిగట్టిందేమో, ముందు అది కనుక్కో. నాకు మళ్లీ రాయి, శీర్షికకి కాదు, విడిగా.

ప్రశ్న: ధర్మరాజు "అశ్వత్థామ హతః" అన్నాక "కుంజరః" అని కూడా అన్నాడు కదా. మరి అది అబద్ధమెలా అవుతుంది? – తెలుగు ఉపాధ్యాయుడు

జవాబు: మాటల్లో అబద్ధం లేదు మాస్టారూ, గొంతులో ఉంది. ద్రోణుడికి వినిపించాల్సింది గట్టిగా వినిపించింది, వినిపించకూడనిది వినిపించలేదు. అందుకే అంతదాకా నేలకి నాలుగంగుళాల పైన నడిచిన రథం కిందికి దిగిందన్నారు. మా ఏడో పేజీ నాలుగు లైన్లు కూడా "కుంజరః" అనడమేనని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ప్రశ్న: శత్రుదేశం మన సైన్యం గురించి చెప్పేదంతా ప్రచారమే కదా. దాన్ని పట్టించుకోవడం దేనికి? – బ్యాంకు ఉద్యోగి

జవాబు: ప్రచారమే కావచ్చు. ప్రచారం చేసేవాడి దగ్గర ఒక్కోసారి నిజం కూడా ఉంటుంది, అదే చిక్కు. 1943 ఏప్రిల్ 13న జర్మనీ రేడియో, రష్యాలోని కటిన్ అడవిలో పోలండ్ సైనికాధికారుల శవాల గుట్టలు దొరికాయని, చంపింది సోవియట్లని చాటింది. చెబుతున్నది ఎవరు? హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ మనుషులు. తమ చేతులకే లక్షలాది మంది నెత్తురున్నవాళ్లు. చంపింది జర్మన్లేనని సోవియట్ ప్రభుత్వం ఎదురు కమిషన్ వేసి మరీ తేల్చింది. సరిగ్గా 47 ఏళ్లకి, 1990 ఏప్రిల్ 13న, అది తమ రహస్య పోలీసుల పనేనని మాస్కో ఒప్పుకుంది. 1940 వసంతంలో అలా చంపిన పోలిష్ ఖైదీలు దాదాపు 22 వేలమంది. గోబెల్స్ ఆ నిజాన్ని వాడుకున్నాడు, నిజమే. వాడుకోవడానికి అక్కడ శవాలు మాత్రం ఉన్నాయి.

తిరగేసి కూడా చూడండి. 1990 అక్టోబరులో అమెరికా చట్టసభ సభ్యుల ముందు 15 ఏళ్ల కువైట్ అమ్మాయి ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. కువైట్‌ని ఆక్రమించిన ఇరాక్ సైనికులు ఆస్పత్రిలో ఇంక్యుబేటర్లలోంచి పసికందుల్ని తీసి నేలమీద పడేశారంది. యుద్ధానికి ఓటేయాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న సభ్యులు ఆ మాటని పదేపదే ఉదహరించారు. ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, ఆ సాక్ష్యం వెనక ఒక ప్రచార సంస్థ ఉందని యుద్ధం ముగిశాక 1992లో బయటపడింది. ఆ ఇంక్యుబేటర్ల కథకి ఆధారం దొరకలేదు. ఇరాక్ సైన్యం కువైట్‌లో నిజంగా చంపింది, హింసించింది, దోచుకుంది. చెప్పుకోవడానికి అన్ని నిజాలుండగా ఒక కల్పన కలిపారు. దాంతో నిజంగా దెబ్బలు తిన్న కువైట్‌వాళ్ల మాటని కూడా జనం అనుమానంగా వినడం మొదలుపెట్టారు. వాళ్లకి జరిగిన రెండో అన్యాయం అది.

ప్రశ్న: మరి మాలాంటివాళ్లు యుద్ధ వార్త ఎలా చదవాలి? పెన్సిల్ సంగతి సరే, ఇంకేమైనా చెప్పండి. – గృహిణి

జవాబు: క్రియని చూడండమ్మా. మన భాషలో ఈ క్రియలు జంటలుగా ఉంటాయి. కాలాయి, కాల్చారు. కూలింది, కూల్చారు. పేలింది, పేల్చారు. చచ్చారు, చంపారు. మొదటిదానికి మనిషి అక్కర్లేదు, రెండోదానికి మనిషి కావాలి. "దాడిలో ఇళ్లు కాలిపోయాయి, పదిమంది మరణించారు" అని ఉంటే, కాల్చింది ఎవరు అని పక్కన చిన్నగా రాసుకోండి. శత్రువు చేసినప్పుడు "చంపారు" అనీ, మనవాళ్లు చేసినప్పుడు "మరణించారు" అనీ ఒకే పేజీలో కనిపిస్తుంది. నేను అలాంటి పేజీలు ఎన్నో కట్టాను, కట్టేటప్పుడు గమనించలేదు.

పెన్సిల్ అన్నారు కాబట్టి ఒకటి చెబుతాను. నార్మండీ దాడికి ముందురోజు, 1944 జూన్ 5న, మిత్రరాజ్యాల సేనాని ఐసెన్‌హోవర్ చిన్న కాగితం మీద పెన్సిల్‌తో ఒక ప్రకటన రాసి జేబులో పెట్టుకున్నాడు. దాడి విఫలమైతే చదవడానికి. మర్నాడు దాడి నిలదొక్కుకుంది, ఆ కాగితంతో పని పడలేదు. నెల తర్వాత అతని సహాయకుడి కంటబడి, దాన్ని దాచాడు. ఇప్పుడు చూస్తే తేదీ తప్పుగా, జూలై 5 అని ఉంటుంది, ఆ రాత్రి అతని మనసు ఎలా ఉందో దాన్నిబట్టే తెలుస్తుంది. దిద్దుబాట్లు కూడా ఉన్నాయి. దళాల్ని వెనక్కి తీసుకోవడం జరిగింది అన్న అర్థంలో మొదట ఒక వాక్యం రాశాడు. దాన్ని కొట్టేసి, దళాల్ని నేను వెనక్కి తీసుకున్నాను అని మార్చాడు. ఆ కింద, తప్పేదైనా ఉంటే అది నా ఒక్కడిదే అని రాసి, ఆ చివరి మాటల కింద గీత గీశాడు.